ఒకే కాలువ, రెండు పాఠాలు

1956 అక్టోబరు 30న భద్రతా మండలిలో ఒక అపూర్వ దృశ్యం చోటుచేసుకుంది. ఈజిప్టు భూభాగం నుంచి ఇజ్రాయెల్ సేనలు వెనుదిరగాలనీ, సభ్యదేశాలేవీ అక్కడ బలప్రయోగానికి దిగరాదనీ కోరుతూ అమెరికా ఒక తీర్మానం ప్రవేశపెట్టింది. సోవియట్ యూనియన్ దానికి అనుకూలంగా చేయి ఎత్తింది. బ్రిటన్, ఫ్రాన్సు వీటో చేశాయి. ఐక్యరాజ్యసమితి పుట్టిన తరువాత బ్రిటన్ తన వీటోను వాడడం అదే మొదటిసారి. అదీ శత్రువు మీద కాదు, తనకు అత్యంత ఆప్తమైన మిత్రదేశం మీద.

హిట్లరును కలిసి ఓడించి అప్పటికి పదకొండేళ్లే అయింది. నార్మండీ తీరంలో మిత్రసేనలను దింపిన సేనాధిపతే ఇప్పుడు అమెరికా అధ్యక్షుడు. యుద్ధకాలంలో చర్చిల్‌కు కుడిభుజంగా నిలిచిన విదేశాంగ మంత్రే ఇప్పుడు బ్రిటన్ ప్రధాని. అంతటి ఎరుక ఉన్నవాళ్లు ఒకరినొకరు అంత దారుణంగా ఎలా అపార్థం చేసుకున్నారు? సూయజ్ గురించి ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాలన్నీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్ననే అడుగుతాయి. ఈడెన్ మంత్రివర్గం నుంచి ఆ వారంలోనే రాజీనామా చేసిన ఆంథొనీ నటింగ్ 1967లో ప్రచురించిన ‘నో ఎండ్ ఆఫ్ ఎ లెసన్’ దానికి లోపలి మనిషి సాక్ష్యం. అప్పట్లో ‘ది ఎకానమిస్ట్’ పత్రికకు వాషింగ్టన్ విలేఖరిగా ఉన్న కీత్ కైల్ 1991లో వెలువరించిన ‘సూయజ్’ దానికి చరిత్రకారుడి సాక్ష్యం. ఇక నాడీవైద్యంలో శిక్షణ పొంది, తరువాత బ్రిటన్ విదేశాంగ మంత్రి అయిన డేవిడ్ ఓవెన్ 2008లో రాసిన ‘ఇన్ సిక్‌నెస్ అండ్ ఇన్ పవర్’ వైద్యుడి సాక్ష్యం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. సూయజ్‌లో మిత్రులను విడదీసినది కాలువ కాదు. ఆ కాలువను చూసినప్పుడు ఎవరికి ఏ గతం గుర్తుకు వచ్చిందన్నది. ఆ తగాదా ముగిశాక కూడా వాళ్లు ఒకే పాఠం నేర్చుకోలేదు. ఆ తేడా ఫలితాలు ఐరోపా రాజకీయాల్లో నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

కాలువ కథ

ఫెర్డినాండ్ డి లెసెప్స్ పూనికతో, వేలాది ఈజిప్టు రైతుల నిర్బంధ శ్రమతో తవ్విన సూయజ్ కాలువ 1869 నవంబరులో ఓడలకు తెరుచుకుంది. మొదట్లో బ్రిటన్‌కు దానిపై నమ్మకం లేదు. అయితే బొంబాయికీ, మద్రాసుకూ అదే దగ్గరి దారి అని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. 1875లో అప్పుల్లో కూరుకుపోయిన ఈజిప్టు ఖెదివ్ తన వాటాలను అమ్మకానికి పెట్టినప్పుడు, ప్రధాని డిజ్రేలీ రాత్‌షీల్డుల దగ్గర నలభై లక్షల పౌండ్లు అప్పు తెచ్చి వాటిని కొన్నాడు. 1882లో బ్రిటిష్ సేనలు ఈజిప్టులో దిగాయి. తాత్కాలికమని చెప్పి వచ్చిన ఆ సేనల్లో చివరి సైనికుడు కాలువ ప్రాంతం విడిచి వెళ్లినది 1956 జూన్‌లో.

ఈ మధ్యకాలంలో కాలువ అర్థమే మారిపోయింది. 1947 తరువాత అది ఇండియాకు దారి కాదు. ఏ సామ్రాజ్యాన్ని కాపాడడానికి బ్రిటన్ ఆ కాలువ ఒడ్డున కాపలా కాసిందో ఆ సామ్రాజ్యానికి గుండెకాయ వంటి దేశం స్వతంత్రమైంది. అయినా కాపలా మాత్రం ఆగలేదు. ఎందుకంటే ఆ స్థానంలోకి చమురు వచ్చింది. 1950ల నడిమికి పశ్చిమ ఐరోపా వాడే చమురులో సుమారు మూడింట రెండు వంతులు ఆ సన్నని నీటిదారి గుండానే వచ్చేది. లండనుకు, పారిస్‌కు అది జీవనాడి. అమెరికాకు అప్పట్లో స్వంత చమురే పుష్కలం. ఒకే కాలువ ఒకరికి ఊపిరి, మరొకరికి భూపటంపై ఒక గీత. అభిప్రాయభేదానికి మొదటి బీజం ఇక్కడే ఉంది.

1952లో రాచరికాన్ని కూల్చిన యువసైనికాధికారుల్లో నుంచి నాసర్ నాయకుడిగా ఎదిగాడు. నైలు నదిపై అస్వాన్ వద్ద మహా ఆనకట్ట కట్టాలన్నది అతని కల. అమెరికా, బ్రిటన్, ప్రపంచ బ్యాంకు కలిసి ధనసాయానికి ఒప్పుకున్నాయి. కాని నాసర్ 1955లో చెకొస్లొవేకియా ద్వారా సోవియట్ ఆయుధాలు కొన్నాడు. 1956 మేలో కమ్యూనిస్టు చైనాను గుర్తించాడు. అమెరికా కాంగ్రెసు గుర్రుమంది. జులై 19న విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్ ఆ సాయాన్ని ఉపసంహరించాడు. వారం తిరిగేసరికి, జులై 26న, అలెగ్జాండ్రియా బహిరంగసభలో నాసర్ సుదీర్ఘంగా ప్రసంగిస్తూ లెసెప్స్ పేరు పదేపదే పలికాడు. రేడియో వింటున్న అతని మనుషులకు అదే సంకేతం. సభ ముగిసేలోగా కాలువ కంపెనీ కార్యాలయాలు ఈజిప్టు అధీనంలోకి వచ్చాయి. ఆ రాత్రి లండనులో ఈడెన్ ఇరాక్ రాజుకూ, ప్రధాని నూరీ అల్ సయీద్‌కూ విందు ఇస్తున్నాడు. కబురు భోజనాల బల్ల దగ్గరికే వచ్చింది.

ఇక్కడొక విషయం గమనించాలి. నాసర్ జాతీయం చేసింది ఈజిప్టు చట్టం కింద నమోదైన ఒక కంపెనీని. దాని ఒప్పందం ఎలాగూ 1968లో ముగియబోతోంది. వాటాదారులకు పారిస్ మార్కెట్ ధర ప్రకారం పరిహారం ఇస్తానని కూడా ప్రకటించాడు. చట్టరీత్యా అతనిని తప్పుపట్టడం కష్టం. అందుకే లండన్, పారిస్‌లు ఈ వ్యవహారాన్ని చట్టం భాషలో కాక చరిత్ర భాషలో మాట్లాడడం మొదలుపెట్టాయి.

మ్యూనిక్ నీడ

ఆంథొనీ ఈడెన్ 1938 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. ముసోలినీని బుజ్జగించాలన్న ప్రధాని ఛాంబర్లేన్ ధోరణితో అతనికి పొసగలేదు. అదే ఏడాది సెప్టెంబరులో మ్యూనిక్ ఒప్పందం జరిగింది. నియంతకు లొంగని మనిషిగా ఈడెన్‌కు వచ్చిన కీర్తి అంతా ఆ రాజీనామా మీద నిలిచినదే. పద్దెనిమిదేళ్ల తరువాత నాసర్ కాలువను తీసుకున్నప్పుడు అతనికి కనిపించింది నాసర్ కాదు, ముసోలినీ. 1956 సెప్టెంబరులో ఐసెన్‌హోవర్‌కు రాసిన ఉత్తరంలో అతడు హిట్లర్ 1930లలో ఒక్కొక్క మెట్టే ఎక్కిన తీరును వరుసగా ఏకరువు పెట్టాడు.

ఇది ఈడెన్ ఒక్కడి భ్రమ కాదు. తరువాత ఈ యుద్ధాన్ని తీవ్రంగా వ్యతిరేకించిన లేబర్ పార్టీ నాయకుడు గెయిట్‌స్కెల్ కూడా ఆగస్టు మొదట్లో పార్లమెంటులో అదే పోలిక తెచ్చాడు. ఫ్రెంచి ప్రధాని గీ మొలే సోషలిస్టు, ఒకప్పటి ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, నాజీలపై రహస్య ప్రతిఘటనలో పాల్గొన్నవాడు. నాసర్ రాసిన చిన్న పుస్తకాన్ని అతడు హిట్లర్ ‘మైన్ కాంఫ్’తో పోల్చాడు. విదేశాంగ మంత్రి క్రిస్టియన్ పినో బుఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డవాడు. అలాంటి మనిషి ‘ఇంకోసారి లొంగం’ అన్నప్పుడు దానిని ఉత్త రాజకీయ నినాదంగా తీసిపారేయలేం. దీనికి తోడు 1954 నవంబరు నుంచి అల్జీరియాలో తిరుగుబాటు రగులుతోంది. దానికి నాసరే ఊపిరి అని పారిస్ గట్టిగా నమ్మింది. అక్టోబరు నడుమ ఈజిప్టు నుంచి అల్జీరియా తిరుగుబాటుదారులకు ఆయుధాలు మోస్తున్న ‘అథోస్’ అనే ఓడ పట్టుబడడంతో ఆ నమ్మకం ఇంకా బలపడింది.

వాషింగ్టన్‌కు ఇదే దృశ్యం వేరే విధంగా కనిపించింది. అమెరికా పుట్టుకే బ్రిటిష్ సామ్రాజ్యం మీద తిరుగుబాటు. అయితే ఆ పాత జ్ఞాపకం కంటే ప్రచ్ఛన్న యుద్ధపు లెక్క మరింత బలంగా పనిచేసింది. ఆసియా, ఆఫ్రికాలలో పదుల కొద్దీ దేశాలు స్వతంత్రమవుతున్నాయి. 1955లో బాండుంగ్‌లో అవి ఒకచోట చేరాయి. ఆ సమయంలో రెండు పాత వలసరాజ్యాలు ఒక అరబ్బు దేశంపై పడి కొడుతుంటే అమెరికా వాటి పక్కన నిలిస్తే, ఆ దేశాలన్నిటినీ మాస్కో ఒళ్లో పెట్టినట్టే అవుతుంది. బలప్రయోగానికి తన ప్రజల మద్దతు ఉండదని ఐసెన్‌హోవర్ జులై చివరి నుంచే ఉత్తరాల్లో హెచ్చరిస్తూ వచ్చాడు. ఆ ఉత్తరాలు ఇప్పుడు చదివితే వాటిలో సందిగ్ధం ఏమీ కనిపించదు. కాని లండన్ వాటిని మర్యాదగా చెప్పిన అభ్యంతరంగానే చదువుకుంది. ఆర్థికమంత్రి హెరాల్డ్ మాక్మిలన్ సెప్టెంబరు 25న శ్వేతసౌధంలో ఐసెన్‌హోవర్‌ను కలిశాడు. యుద్ధకాలంలో అల్జీర్స్‌లో ఇద్దరూ కలిసి పనిచేశారు. పాత స్నేహితుడి చిరునవ్వులో మాక్మిలన్ అనుమతిని చదివాడు. అక్కడ అనుమతి లేదు, ఆప్యాయత మాత్రమే ఉంది.

సెవ్ర్‌లో మూడు రోజులు

అక్టోబరు 14న ఇద్దరు ఫ్రెంచి దూతలు ఈడెన్‌ను కలిసి ఒక పథకం చెప్పారు. ఇజ్రాయెల్ సినాయ్ మీద దాడి చేస్తుంది. కాలువకు ప్రమాదం వచ్చిందంటూ బ్రిటన్, ఫ్రాన్సు ‘శాంతిరక్షకులు’గా అడుగుపెడతాయి. అక్టోబరు 22 నుంచి 24 వరకు పారిస్ శివార్లలోని సెవ్ర్‌లో ఒక ఇంటిలో బెన్ గురియన్, దయాన్, పెరెస్‌లు ఫ్రెంచి నాయకులతో మంతనాలు జరిపారు. బ్రిటిష్ విదేశాంగ మంత్రి సెల్విన్ లాయిడ్ మొదటి రోజున రహస్యంగా వచ్చి వెళ్లాడు. చివరి రోజున బ్రిటన్ తరఫున ఇద్దరు అధికారులు వచ్చారు, వారిలో ఒకరు ఒప్పందంపై సంతకం చేశారు. కాగితం మీదికి ఎక్కిందని తెలిసి ఈడెన్ నిర్ఘాంతపోయాడు. ప్రతులన్నీ నాశనం చేయించమని మనుషులను తిరిగి పారిస్ పంపాడు, ఫ్రెంచివారు ఒప్పుకోలేదు. బ్రిటిష్ ప్రతి మంటల పాలైంది. ఇజ్రాయెల్ ప్రతి మాత్రం నిలిచి, దశాబ్దాల తరువాత వెలుగు చూసింది.

ఒప్పందం ప్రకారమే అంతా నడిచింది. అక్టోబరు 29న ఇజ్రాయెల్ దాడి. 30న ఉభయులూ కాలువకు పది మైళ్ల దూరం తొలగాలని బ్రిటన్, ఫ్రాన్సుల హెచ్చరిక. తన దేశంలో ఉన్న కాలువ నుంచి తన సేనను తప్పించుకోమని ఈజిప్టును కోరడం, దండెత్తి వచ్చినవారికి ఇంకా ముందుకు రావడానికి అనుమతి ఇవ్వడం ఆ హెచ్చరిక సారాంశం. నాసర్ నిరాకరించాడు. 31 సాయంత్రం బ్రిటిష్ విమానాలు ఈజిప్టు వైమానిక స్థావరాలపై బాంబులు కురిపించడం మొదలుపెట్టాయి. ఇదంతా అమెరికాకు ఒక్క మాట చెప్పకుండా, అధ్యక్ష ఎన్నికలకు వారం రోజుల ముందు జరిగింది.

రోగమే కారణమా?

ఇక్కడ వైద్యులైన చరిత్రకారులు ఈడెన్ రోగచరిత్ర తెరుస్తారు. 1953 ఏప్రిల్‌లో లండనులో అతని పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగింది. ఆ చికిత్సలో పిత్తనాళం దెబ్బతింది. రెండోసారి కోశారు. జూన్‌లో బోస్టన్‌కు తీసుకువెళ్లి, ఆ విద్యలో ఆరితేరిన డాక్టర్ రిచర్డ్ కాటెల్ చేత మూడోసారి చేయించారు. ప్రాణం నిలిచింది కాని ఆరోగ్యం నిలవలేదు. పిత్తనాళం ఇరుకైనప్పుడల్లా పైత్యరసం నిలిచిపోతుంది, పేగుల నుంచి సూక్ష్మజీవులు పైకి పాకుతాయి, ఒళ్లు కుదిపేసే చలితో జ్వరం విరుచుకుపడుతుంది. 1956 అక్టోబరు 5న ఆసుపత్రిలో ఉన్న భార్యను చూడడానికి వెళ్లిన ఈడెన్‌కు అక్కడే 106 డిగ్రీల జ్వరం వచ్చింది. ఫ్రెంచి దూతలు పథకంతో వచ్చింది దానికి తొమ్మిది రోజుల తరువాత. పైగా అతడు ఆ రోజుల్లో డ్రినామిల్ మాత్రలు వాడేవాడు. అందులో ఉత్తేజపరిచే యాంఫెటమిన్, మత్తునిచ్చే బార్బిట్యురేట్ రెండూ ఉంటాయి. నిద్రలేమి, చికాకు, అతివిశ్వాసం దాని దుష్ఫలితాలు. ఓవెన్ ఈ అంశానికి చాలా ప్రాముఖ్యం ఇస్తాడు. ఈడెన్ నిర్ణయశక్తిని రోగమూ మందూ కలిసి దెబ్బతీశాయని అతని వాదన.

ఆ వాదనలో బలం ఉంది. కాని దానినే సంపూర్ణ కారణంగా ఒప్పుకోవడానికి రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఆ శరత్కాలంలో రోగి ఈడెన్ ఒక్కడే కాడు. ఐసెన్‌హోవర్‌కు 1955 సెప్టెంబరులో గుండెపోటు వచ్చింది. 1956 జూన్‌లో పేగుకు శస్త్రచికిత్స జరిగింది. డల్లెస్ నవంబరు 3 తెల్లవారుజామున కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరాడు. పెద్దపేగు క్యాన్సర్ చిల్లుపడిందని శస్త్రచికిత్సలో తేలింది. రోగం అందరినీ తాకింది, నిర్ణయాలు మాత్రం విరుద్ధ దిశల్లో వెళ్లాయి. రెండవది, ఆ పథకం పుట్టినది ఈడెన్ జ్వరంలో కాదు. పారిస్‌లో, పూర్తి ఆరోగ్యంతో ఉన్నవారి తలల్లో. లండనులోనూ ఈడెన్ కంటే తీవ్రంగా యుద్ధం కోరిన మాక్మిలన్ ఆరోగ్యవంతుడే. మంత్రివర్గం ఆమోదించే చర్యకు ఒక్క మనిషి పిత్తనాళాన్ని బాధ్యుణ్ణి చేయడం రోగనిర్ధారణలో చాలా తేలికైన దారి. ఈడెన్ రోగం అతని తొందరను పెంచి ఉంటుంది. అతని పోలికను పుట్టించింది మాత్రం రోగం కాదు. అది ఒక తరం మొత్తానికి ఉన్న జ్ఞాపకం.

డాలరు దెబ్బ

నవంబరు 1న సర్వప్రతినిధి సభలో డల్లెస్ స్వయంగా నిలబడి కాల్పుల విరమణ తీర్మానం ప్రవేశపెట్టాడు. అనుకూలం 64, వ్యతిరేకం 5. బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెల్‌లతో నిలిచినవి ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ మాత్రమే. భద్రతా మండలిలో వీటో పడితే విషయాన్ని సర్వప్రతినిధి సభకు తీసుకుపోయే పద్ధతిని 1950లో సోవియట్ వీటోను తప్పించుకోవడానికి అమెరికా చొరవతోనే ఏర్పరచారు. దానిని ఇప్పుడు స్వంత మిత్రులపైనే వాడవలసి వచ్చింది.

అయినా బ్రిటన్ ఆగినది ఓట్లకు కాదు. నవంబరు 5న పారాచూట్ దళాలు, 6న ఓడల నుంచి సేనలు పోర్ట్ సయీద్‌లో దిగాయి. బ్రిటన్ 16 మందిని, ఫ్రాన్సు 10 మందిని కోల్పోయాయి. ఈజిప్టువాసులు వందల సంఖ్యలో మరణించారు. సైనికంగా విజయం చేతికందే దూరంలో ఉండగా పౌండు కుప్పకూలసాగింది. అప్పట్లో పౌండు విలువ 2.80 డాలర్లుగా స్థిరపరచి ఉండేది. దానిని నిలబెట్టడానికి బ్రిటన్ తన డాలర్లను, బంగారాన్ని ఖర్చు చేయాలి. ఒక్క నవంబరులోనే సుమారు 28 కోట్ల డాలర్లు హరించుకుపోయాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి డబ్బు కావాలంటే అమెరికా ఆమోదం కావాలి. కాల్పులు ఆపకుండా, సేనలు వెనుదిరగకుండా సాయం లేదని వాషింగ్టన్ నిక్కచ్చిగా చెప్పింది. మునిగిన ఓడలతో కాలువ పూడిపోయింది, సిరియాలో ఇరాక్ చమురు గొట్టం పేల్చివేశారు, సౌదీ అరేబియా చమురు ఆపింది. లోటు తీర్చే అమెరికా చమురుకూ అదే షరతు. యుద్ధానికి అందరికంటే ముందు ఉరికిన మాక్మిలనే అందరికంటే ముందు వెనుకంజ వేశాడు. నవంబరు 6 అర్ధరాత్రి కాల్పులు ఆగాయి. డిసెంబరు 22 నాటికి చివరి సైనికుడు ఓడ ఎక్కాడు. డిసెంబరులో ద్రవ్యనిధి బ్రిటన్‌కు సుమారు 130 కోట్ల డాలర్ల సాయం మంజూరు చేసింది.

మిత్రుడి చేతిలో ఒక్క తుపాకీ పేలకుండా ఒక సామ్రాజ్యం ఓడిపోయింది.

హైదరాబాదు, బుడాపెస్టు

ఆ వారం భారతదేశాన్నీ నేరుగా తాకింది. నవంబరు 1న జవాహర్‌లాల్ నెహ్రూ హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాన్ని ప్రారంభించాడు. బ్రిటిష్ బాంబులు ఈజిప్టుపై పడడం మొదలై అప్పటికి ఒక్క రాత్రి గడిచింది. తెలుగువారు తమ కొత్త రాష్ట్రాన్ని పండుగ చేసుకుంటున్న ఆ రోజున, వారి ప్రధాని మనసులో సగం కైరో ఉండి తీరాలి. నాసర్ అతనికి మిత్రుడు. కాలువ భారత వాణిజ్యానికి ప్రధానమైన దారి. అంతకుముందు ఆగస్టులో లండనులో 22 దేశాలు సమావేశమైనప్పుడు, అంతర్జాతీయ అధికార సంస్థ బదులు సలహా సంఘం చాలునంటూ వి.కె. కృష్ణ మేనన్ భారత్ తరఫున ప్రత్యామ్నాయం పెట్టాడు. సోవియట్ యూనియన్, ఇండొనేషియా, సిలోన్ దానిని సమర్థించాయి. తరువాత సినాయ్‌లో నిలిచిన ఐక్యరాజ్యసమితి అత్యవసర దళంలో భారత సైనికులు కూడా చేరారు.

అయితే ఆ వారపు కథ సూయజ్‌తో ముగియదు. అక్టోబరు 23న బుడాపెస్టులో తిరుగుబాటు మొదలైంది. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు దానిని అణచివేశాయి. ప్రపంచం దృష్టి రెండుగా చీలింది; తమ మిత్రులే ఈజిప్టుపై బాంబులు వేస్తుండగా పాశ్చాత్యులు హంగరీ గురించి గొంతెత్తడం కష్టమైంది. ఈజిప్టు విషయంలో వెంటనే కంఠం విప్పిన భారత్ హంగరీ విషయంలో తడబడింది. అక్కడ స్వేచ్ఛగా ఎన్నికలు జరగాలన్న తీర్మానానికి కృష్ణ మేనన్ వ్యతిరేకంగా ఓటు వేయడం దేశంలోనే విమర్శకు గురైంది. తన గతాన్ని బట్టి ఒక దురాక్రమణను స్పష్టంగానూ, మరొకదానిని మసకగానూ చూడడం లండనుకో పారిస్‌కో మాత్రమే పరిమితమైన లోపం కాదన్నమాట.

అమెరికా సూత్రనిష్ఠనూ ఇలాగే పరీక్షించాలి. సూయజ్‌కు మూడేళ్ల ముందు, 1953లో, చమురును జాతీయం చేసిన ఇరాన్ ప్రధాని మొసాద్దెక్‌ను కూల్చడంలో అమెరికా గూఢచారి సంస్థ బ్రిటన్‌తో చేతులు కలిపింది. 1954లో గ్వాటెమాలాలో ఎన్నికైన ప్రభుత్వాన్ని పడగొట్టింది. సూయజ్ ముగిసిన కొద్ది వారాలకే, 1957 జనవరిలో, పశ్చిమాసియాను కమ్యూనిజం నుంచి కాపాడే బాధ్యత తనదని ఐసెన్‌హోవర్ ప్రకటించాడు. 1958 జులైలో అమెరికా నావికాసైనికులు లెబనాన్ తీరంలో దిగారు. ఆసుపత్రి పడక మీద ఉన్న డల్లెస్, తనను చూడవచ్చిన సెల్విన్ లాయిడ్‌ను మీరెందుకు మధ్యలో ఆపేశారని అడిగాడట. లాయిడ్ తన జ్ఞాపకాల్లో రాసుకున్న మాట ఇది. ఐరోపావాసులు నేటికీ దానిని చేదుగా తలుచుకుంటారు. ఐక్యరాజ్యసమితి నియమావళి అమెరికాకు ఆ నవంబరులో నిజమైన విశ్వాసమే కావచ్చు. అది తన ప్రయోజనంతో సరిగ్గా కలిసి వచ్చిన విశ్వాసం కూడా.

రెండు పాఠాలు

పోర్ట్ సయీద్ నుంచి రెండు సేనలూ కలిసే తిరిగి వెళ్లాయి. కాని బ్రిటన్, ఫ్రాన్సులు ఆ అనుభవానికి పూర్తిగా విరుద్ధమైన భాష్యాలు రాసుకున్నాయి.

బ్రిటన్ నేర్చుకున్న పాఠం: ఇకపై అమెరికాకు దూరంగా ఎన్నడూ నిలబడరాదు. 1957 జనవరి 9న ఈడెన్ రాజీనామా చేశాడు. అతని స్థానంలోకి వచ్చిన మాక్మిలన్ మార్చిలోనే బెర్ముడాలో ఐసెన్‌హోవర్‌ను కలిసి పాత స్నేహాన్ని అతికాడు. 1958లో రెండు దేశాల మధ్య అణురహస్యాల ఒప్పందం కుదిరింది. 1962లో నసావులో బ్రిటన్ అమెరికా పొలారిస్ క్షిపణులను తీసుకుంది. ఆ తరువాత బ్రిటన్ ప్రధానులు వాషింగ్టన్‌లో తమ పలుకుబడిని కాపాడుకోవడమే విదేశాంగనీతికి మూలస్తంభం అనుకున్నారు.

ఫ్రాన్సు నేర్చుకున్న పాఠం: ఇకపై అమెరికా మీద ఎన్నడూ ఆధారపడరాదు, అమెరికా ఒక్క మాట అంటే వెనుదిరిగే బ్రిటన్‌నూ నమ్మరాదు. కాల్పులు ఆగిన రోజున జర్మన్ ఛాన్సలర్ అడెనావర్ పారిస్‌లోనే ఉన్నాడు. ఐరోపాను నిర్మించడమే మీ ప్రతీకారం కావాలని అతడు మొలేతో అన్నట్టు పినో తరువాత గుర్తుచేసుకున్నాడు. 1957 మార్చి 25న రోమ్ ఒప్పందంపై సంతకాలు జరిగాయి. 1960 ఫిబ్రవరిలో ఫ్రాన్సు స్వంత అణుబాంబును సహారాలో పేల్చింది. 1963 జనవరిలో డి గాల్, ఐరోపా ఆర్థిక సమాజంలోకి బ్రిటన్ రాకను అడ్డుకున్నాడు; అంతకు నెల రోజుల ముందే జరిగిన నసావు ఒప్పందం అతని అనుమానాన్ని బలపరచింది. 1966లో ఫ్రాన్సు నాటో సైనిక వ్యవస్థ నుంచి వైదొలగింది. 2009 దాకా తిరిగి చేరలేదు.

దాదాపు యాభై ఏళ్ల తరువాత ఈ రెండు పాఠాలూ మళ్లీ ఎదురెదురుగా నిలిచాయి. 2003లో ఇరాక్‌పై యుద్ధానికి అమెరికా సిద్ధమైనప్పుడు టోనీ బ్లెయిర్ దాని పక్కన నిలిచాడు. ఫ్రెంచి విదేశాంగ మంత్రి డొమినిక్ డి విల్‌పాఁ ఫిబ్రవరి 14న భద్రతా మండలిలో యుద్ధానికి వ్యతిరేకంగా ప్రసంగించాడు. అమెరికా రక్షణమంత్రి రంస్‌ఫెల్డ్ అప్పటికే ఫ్రాన్సు, జర్మనీలను ‘పాత ఐరోపా’ అని ఎద్దేవా చేశాడు. ఆ ఏడాదే వచ్చిన రాబర్ట్ కేగన్ పుస్తకం ‘ఆఫ్ ప్యారడైజ్ అండ్ పవర్’ విస్తృతంగా చర్చకు వచ్చింది. అమెరికావారు అంగారక గ్రహవాసులనీ ఐరోపావారు శుక్రగ్రహవాసులనీ, బలం ఉన్నవారు బలాన్ని, లేనివారు చట్టాన్ని నమ్ముతారనీ అతని ప్రతిపాదన.

సూయజ్‌ను గుర్తుంచుకున్న పాఠకుడికి ఈ సిద్ధాంతం అంత సులువుగా గొంతు దిగదు. 1956లో అంగారక గ్రహవాసులు లండన్, పారిస్‌లలో ఉన్నారు. ఐక్యరాజ్యసమితి నియమావళి పట్టుకుని నిలిచినది వాషింగ్టన్. పైగా అప్పుడు బలవంతుడే చట్టం మాట్లాడాడు, బలహీనుడే కత్తి దూశాడు. 2003లో పాత్రలు తారుమారయ్యాయి కాని మాటలు మాత్రం అవే. అప్పుడు ఈడెన్ వాడిన మ్యూనిక్ పోలికనే ఇప్పుడు అమెరికా నాయకులు సద్దాం హుసేన్‌కు వాడారు. అప్పుడు ఐసెన్‌హోవర్ చేసిన హెచ్చరికనే, అరబ్బు ప్రపంచం మొత్తం ఎదురుతిరుగుతుందన్న మాటనే, ఇప్పుడు పారిస్ చెప్పింది. జాతుల స్వభావంలో స్థిరంగా ఏదో ఉందని నమ్మేవారికి ఈ తారుమారు ఒక చిక్కుప్రశ్న. చరిత్ర చదివేవారికి మాత్రం ఇందులో వింత లేదు. ఏ దేశానికి ఏ గాయం ఎప్పుడు సలుపుతుందో దానిని బట్టి దాని చూపు మారుతుంది. 2003లో అమెరికాకు 2001 సెప్టెంబరు గాయం పచ్చిగా ఉంది. ఫ్రాన్సుకు సూయజ్, అల్జీరియాల గాయాలు మాని, మచ్చలై మిగిలాయి. మచ్చ ఉన్నవాడు జాగ్రత్త చెబుతాడు. గాయం పచ్చిగా ఉన్నవాడికి అది పిరికితనంగా వినిపిస్తుంది.

ఈడెన్ 1960లో తన జ్ఞాపకాల్లో సూయజ్ గురించి వందల పుటలు రాశాడు. సెవ్ర్ ప్రస్తావన వాటిలో లేదు. 1956 డిసెంబరు 20న పార్లమెంటులో, ఇజ్రాయెల్ దాడి చేయబోతున్నట్టు తనకు ముందుగా తెలియదని చెప్పిన మాటకే అతడు చివరిదాకా కట్టుబడ్డాడు. అతనిని అబద్ధీకుడని తేల్చి పక్కన పెట్టడం సులభం. కాని 1938లో తాను చేసిన మంచిపనే 1956లో తనను తప్పుదారి పట్టించిందని ఒప్పుకోవడం ఏ మనిషికైనా అబద్ధం కంటే కష్టమైన పని. తప్పుల నుంచి పాఠాలు నేర్చుకోవాలని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. సూయజ్ చెప్పేది దానికి తరువాయి: ఒకప్పుడు సరిగ్గా నేర్చుకున్న పాఠాన్ని కూడా, కొత్త సందర్భం వచ్చినప్పుడు, మళ్లీ పరీక్షించి చూసుకోవాలి. మిత్రుడు అలా పరీక్షించుకోమన్నప్పుడు అది ద్రోహమో హితవో తేల్చుకోవడానికి లండన్‌కు ఒక్క వారమే దొరికింది. ఆ మాట వినడానికి మాత్రం అంతకు ముందు మూడు నెలల గడువుండేది.